ఒట్టేస్తే ఆగేది కాదు

పోర్న్, అర్ధరాత్రి చాటింగ్‌లు, డబ్బిచ్చి పెట్టుకునే సంబంధాలు... మానేయాలని ఎంత అనుకున్నా మానలేకపోవడం ఒక మానసిక ఆరోగ్య సమస్య కావచ్చు. దానికి డాక్టర్లున్నారు, పద్ధతి ప్రకారం వైద్యం ఉంది. ఆ వైద్యం సమస్య ఉన్నవారితో పాటు, దానివల్ల నలిగిపోయిన జీవిత భాగస్వామికీ అందాలి.

మన ఇళ్లలో ఈ సంగతి ఎక్కువగా ఫోన్ దగ్గరే బయటపడుతోంది. కరెంటు బిల్లు కట్టడానికి భర్త ఫోన్ తీసుకున్న భార్యకు యూపీఐ హిస్టరీలో ముక్కూమొహం తెలియని పేర్లు కనిపిస్తాయి. ఐదొందలు, రెండు వేలు, మళ్లీ ఐదొందలు. అన్నీ అర్ధరాత్రి దాటాక పంపినవే. నిలదీస్తే మొదట ఫ్రెండ్‌కు ఇచ్చానంటాడు, తర్వాత ఏదో గేమ్ అంటాడు, చివరికి తల దించుకుంటాడు. మర్నాడు పుట్టింటివాళ్లు వస్తారు. అత్తమామలు కూర్చుంటారు. మేనమామో, ఊళ్లో పెద్దమనిషో మధ్యవర్తిగా నిలబడతాడు. "ఇంకెప్పుడూ అలాంటి పని చెయ్యనని బిడ్డ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టు" అంటారు. అతను పెడతాడు. ఏడుస్తూ, మనస్ఫూర్తిగానే పెడతాడు. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది. ఈసారి జాగ్రత్తలు పెరుగుతాయి. రెండో సిమ్ము, కొత్త యాప్, మార్చిన పాస్‌వర్డ్. అదీ బయటపడిన రోజు భార్య అడిగేది ఒక్కటే: "బిడ్డ మీద ఒట్టేసి కూడానా?" అతని దగ్గర జవాబుండదు. తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఆ అసహ్యాన్ని భరించలేక మళ్లీ అదే ఫోన్ పట్టుకుంటాడు.

బిడ్డ మీద ప్రేమ లేక ఒట్టు తప్పాడనుకుంటే పొరపాటు. ఒట్టు పెట్టేది నలుగురి మధ్య, గుండె కరిగిన వేళ. అది తప్పేది ఒత్తిడి, ఒంటరితనం, నిద్రలేమి కలిసి మీద పడిన వేళ. ఆ వేళ ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పేవాళ్లు మాత్రం ఉన్నారు. సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు చేసే పని అదే. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను పాపమని ఈసడిస్తే మనిషి ఇంకా లోపలికి ముడుచుకుపోతాడు. జబ్బు కదా అని వదిలేస్తే ఎదుటి మనిషికి జరిగిన అన్యాయం అలాగే మిగిలిపోతుంది. బాధ్యత మోస్తూనే వైద్యం చేయించుకోవాలి. ఈ రెండూ కలిసి నడిచిన చోటే మనుషులు బాగుపడతారు.

ఎప్పుడు సమస్య అంటారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే వ్యాధుల వర్గీకరణ తాజా కూర్పు ఐసీడీ-11. ఇది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 'కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్' పేరుతో ఈ సమస్యకు చోటు దక్కింది. తీవ్రంగా, పదే పదే తోసుకొచ్చే లైంగిక ప్రేరణలను ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలంగా అదుపు చేసుకోలేకపోవడం దీని ప్రధాన లక్షణం.

డాక్టర్లు నాలుగైదు విషయాలు చూస్తారు. బతుకంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతూ తిండి, నిద్ర, ఉద్యోగం, పిల్లల బాగోగులు పక్కకు పోతున్నాయా? మానాలని ఎన్నోసార్లు ప్రయత్నించి విఫలమయ్యారా? కాపురం కూలుతున్నా, అప్పులు పెరుగుతున్నా, ఒంటికి జబ్బులు వస్తాయని తెలిసినా ఆగలేకపోతున్నారా? అందులో సుఖం పెద్దగా మిగలకపోయినా కొనసాగిస్తున్నారా? వీటివల్ల తీవ్రమైన మనోవేదన, లేదా జీవితంలో గట్టి దెబ్బ కనిపిస్తోందా? వీటన్నింటినీ కలిపి చూశాకే నిర్ధారణకు వస్తారు. వారానికి ఎన్నిసార్లు అన్న లెక్క ఒక్కటే చూసి ఎవరూ ముద్ర వేయరు.

ఐసీడీ-11 మరో హెచ్చరిక కూడా చేసింది. తాను చేసేది తప్పని నమ్మడం వల్ల మాత్రమే పుట్టిన బాధ ఉంటే, దాన్ని ఈ వ్యాధి కింద లెక్కించకూడదు. కోరికలు ఎక్కువగా ఉండి, అవి అదుపులోనే ఉన్న మనిషికీ ఈ పేరు పెట్టకూడదు. ఎదిగే వయసు పిల్లల్లో సహజంగా ఉండే లైంగిక ఆసక్తికి, హస్తప్రయోగానికి అసలే పెట్టకూడదు. మన సమాజంలో ఈ హెచ్చరిక చాలా అవసరం. హస్తప్రయోగం చేసుకుంటే నరాలు చచ్చుబడతాయని, వీర్యం పోతే బలం పోతుందని భయపడి కుంగిపోయే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన దేశపు సైకియాట్రిస్టు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ఈ భయాలతో కూడిన స్థితికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం పత్రికల్లో ఏళ్ల తరబడి ఇలాంటి సందేహాలకు జవాబులిస్తూ వచ్చారు. అలాంటి కుర్రాడికి కావలసింది సరైన సమాచారం, కాస్త ధైర్యం. 

ఈ సమస్యకు ఏ పేరు పెట్టాలన్న విషయంలో నిపుణుల మధ్య పెద్ద చర్చే నడిచింది. అమెరికాకు చెందిన ప్యాట్రిక్ కార్న్స్ 1983లో రాసిన పుస్తకంతో 'సెక్స్ అడిక్షన్' అన్న మాట జనంలోకి వెళ్లింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో మాత్రం దీన్ని వ్యాధిగా చేర్చలేదు. ఆధారాలు సరిపోవని భావించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యసనాల వరసలో పెట్టకుండా, ప్రేరణలను అదుపు చేసుకోలేని సమస్యల వరసలో పెట్టింది. పేరు మీద వాదన ఇంకా నడుస్తున్నా, ఇలా బాధపడేవారికి సాయం అందాలన్న విషయంలో రెండో మాట లేదు.

ఇలాంటివారు ఎక్కడో ఒకరిద్దరే ఉంటారనుకోవడానికీ లేదు. 42 దేశాల్లో 82 వేల మందికి పైగా పాల్గొన్న ఇంటర్నేషనల్ సెక్స్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందులో దాదాపు 5 శాతం మందికి ఈ సమస్య ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. వారిలో ఎప్పుడైనా వైద్యసాయం కోసం వెళ్లినవారు 14 శాతమే. అమెరికాలో 2018లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, లైంగిక ప్రేరణలను అదుపు చేసుకోలేక ఇబ్బంది పడుతున్నామని చెప్పినవారు మగవాళ్లలో 10.3 శాతం, ఆడవాళ్లలో 7 శాతం. ఇది మగవాళ్లకే ఉండే సమస్య అనుకోవడం ఎంత తప్పో ఈ అంకె చెబుతోంది. మన దగ్గర మగవాడికైతే 'వయసు' అని ఒక సాకు దొరుకుతుంది. ఆడమనిషికి అదీ దొరకదు. అందుకే ఆమె డాక్టర్ గడప తొక్కడం ఇంకా కష్టం.

తప్పుదారి పట్టించే గడపలు

సాయం కోసం బయల్దేరిన మనిషికి మొదట కనబడేవి తప్పుడు బోర్డులే. రైల్వే పట్టాల వెంట గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల తలుపుల మీద 'రహస్య రోగాలకు గ్యారంటీ వైద్యం' అని రాసి ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు గారు అందుబాటులో ఉంటారని కరపత్రాలు పంచుతారు. ఇప్పుడు అదే ప్రచారం యూట్యూబ్‌కు, వాట్సాప్‌కు ఎక్కింది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లోనే నిషేధించింది. గ్యారంటీ ఇచ్చేవాడు, డిగ్రీ ఎక్కడిదో చెప్పనివాడు, పొట్లాల్లో పేరు లేని మందు కట్టిచ్చేవాడు కనిపిస్తే వెనక్కి తిరిగి రావడమే మేలు.

రెండో తప్పుదారి పెళ్లి. "పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు" అన్నది మన ఇళ్లలో పెద్దలు తేలిగ్గా చెప్పే సలహా. ఈ సమస్యకు మూలం కోరిక తీరకపోవడం కాదు కనుక పెళ్లితో అది తీరదు. ఏ పాపం ఎరగని ఒక అమ్మాయి జీవితం మాత్రం అందులో చిక్కుకుంటుంది. కొడుకు పరిస్థితి తెలిసి కూడా దాచిపెట్టి పెళ్లి చేయడం ఆ అమ్మాయికి ద్రోహం. ముందు వైద్యం, తర్వాతే సంబంధాలు చూడటం.

మూడోది, స్వలింగ ఆకర్షణను ఈ సమస్యతో కలిపేయడం. స్వలింగ ఆకర్షణ వ్యాధి కాదు. దాన్ని 'మార్చేస్తాం' అని చెప్పేవారి దగ్గరికి పిల్లల్ని ఈడ్చుకెళ్లడం వారికి హాని చేయడమే.

తొలి సిట్టింగ్‌లో ఏం జరుగుతుంది?

చాలామంది డాక్టర్ గది బయట కుర్చీలో కూర్చుని, పేరు పిలిచేలోగా లేచి వెళ్లిపోతారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోవడమే కారణం. ఒక్క వాక్యం చాలు: "డాక్టర్ గారూ, సెక్స్ విషయంలో నా మీద నాకు అదుపు ఉండటం లేదు, మానాలనుకున్నా మానలేకపోతున్నాను." మిగతాది అడిగి రాబట్టడం డాక్టర్ పని. ఇలాంటివి వినడం ఆ వృత్తిలో భాగం కనుక ఆ గదిలో ఎవరూ ముఖం చిట్లించరు.

డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగం సెక్స్ గురించి కానే కాదు. నిద్ర ఎలా ఉంది? మందు తాగుతారా? దిగులుగా ఉంటోందా? చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా? చిన్నప్పుడు ఎవరైనా లైంగికంగా వేధించారా? ఉన్నట్టుండి నిద్ర అక్కర్లేనంత హుషారు, అతిగా ఖర్చు, అతిగా మాటలు ఎప్పుడైనా వచ్చాయా? చివరి ప్రశ్న వెనక బలమైన కారణముంది. బైపోలార్ డిజార్డర్‌లో మేనియా దశ వచ్చినప్పుడు లైంగిక ప్రవర్తన ఒక్కసారిగా కట్టు తప్పవచ్చు. అప్పుడు వైద్యం బైపోలార్‌కు జరగాలి.

వాడుతున్న మందుల చీటీ కూడా తప్పనిసరిగా తీసుకెళ్లాలి. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో జూదం, విపరీతమైన కొనుగోళ్లు, లైంగిక ప్రేరణలు పెంచుతాయి. మానసిక జబ్బులకు వాడే అరిపిప్రజోల్ విషయంలోనూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఇలాంటి హెచ్చరికే చేసింది. జీవితమంతా మర్యాదగా బతికిన అరవై ఐదేళ్ల పెద్దాయన చేతులు వణుకుతున్నాయని మందు మొదలుపెట్టాక, కొన్ని నెలలకు వింతగా ప్రవర్తించడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లు 'ముసలితనంలో ఇదేం బుద్ధి' అని సిగ్గుతో చచ్చిపోతారు. ఆయన్ను మాటలతో చంపుతారు. న్యూరాలజిస్టుకు చెబితే మోతాదు తగ్గించో, మందు మార్చో సమస్యను అదుపులోకి తేవచ్చు. సొంతంగా మాత్రం ఆ మందు ఆపకూడదు, ఆపితే వేరే ప్రమాదాలు వస్తాయి.

చెప్పిందంతా బయటికి పోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షన్ ప్రకారం వివరాలను గోప్యంగా ఉంచడం రోగి హక్కు, వైద్యుల విధి. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు మినహాయింపులు ఉంటాయి. పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి.

కోరిక తరుముకొచ్చిన వేళ

ప్రస్తుతం ఎక్కువగా వాడుతున్న వైద్యం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. ఇందులో ఉపదేశాలుండవు. మొదటి వారమే సైకాలజిస్టు ఒక కాగితం ఇచ్చి రాసుకు రమ్మంటారు. సమయం, చోటు, అంతకుముందు ఏం జరిగింది, మనసులో ఏమనిపించింది, ఏం చేశారు, తర్వాత ఎలా ఉంది అన్నవి అందులో గడులు. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నింపాడనుకుంటే ఒక వరస ఇలా ఉండొచ్చు: 'మంగళవారం రాత్రి 11.40. హాల్లో సోఫా. మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. ఎందుకూ పనికిరాననిపించింది. ఆమె, పాప పడుకున్నారు. ఫోన్ తీశాను. రెండున్నర దాకా చూశాను. ఛీ అనిపించింది.'

ఆ కాగితం ముందు పెట్టుకుని సైకాలజిస్టు అడుగుతారు.

"11.40కి ఫోన్ తీశారు. మెయిల్ ఎన్నింటికి వచ్చింది?"

"పదిన్నరకు మేడమ్."

"మధ్యలో గంటా పది నిమిషాలున్నాయి. ఆ మెయిల్ సంగతి ఎవరితోనైనా చెప్పారా?"

"లేదు మేడమ్. ఎవరితో చెప్పుకోవాలి?"

వైద్యం ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. పోర్న్ సైట్ తెరవడం అతని కంటికి ఆనుతోంది కానీ, దానికి గంట ముందు పుట్టిన అవమానం ఆనడం లేదు. కాగితాలు పది పోగయ్యేసరికి ఒక వరస బయటపడుతుంది. ఏ వేళ, ఏ చోట, ఏ మనోస్థితిలో జారిపోతున్నాడో అతనికే తెలుస్తుంది. అప్పుడు మార్పులు ఒక్కొక్కటే వస్తాయి. రాత్రి ఫోన్ పడకగదిలో ఉండదు. ఆఫీసులో మాట పడిన రోజు ఒక స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. కోరిక తన్నుకొచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా, లొంగిపోకుండా, అది పెరిగి తగ్గేదాకా గమనిస్తూ కూర్చోవడం నేర్చుకుంటాడు. ఎంత తీవ్రమైన కోరికైనా ఎప్పటికీ అలాగే ఉండదు, కాసేపటికి దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ సంగతి చెబితే నమ్మనివాడు కూడా నాలుగుసార్లు అనుభవంలోకి వచ్చాక నమ్ముతాడు.

ఈ పద్ధతులకు పరిశోధనల దన్ను ఉంది. స్వీడన్‌లో 137 మంది మగవాళ్లతో బృందాలుగా సీబీటీ చేయించి చూసిన అధ్యయనం 2019లో వెలువడింది. వైద్యం అందినవారిలో లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అనే మరో పద్ధతిని అమెరికాలో 28 మందికి 12 సిట్టింగులుగా ఇచ్చి పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం వైద్యం ముగిసేసరికి 54 శాతం మంది పోర్న్ చూడటం పూర్తిగా మానేశారు. మూడు నెలల తర్వాత చూస్తే పూర్తిగా మానినవారు 35 శాతం మిగిలారు, మిగతావారిలో చాలామంది బాగా తగ్గించుకున్నారు. చిన్న అధ్యయనమే అయినా ఇందులో రెండు పాఠాలున్నాయి. వైద్యానికి లొంగని సమస్య కాదిది. అలాగని సిట్టింగులు అయిపోగానే డాక్టర్‌ను మరిచిపోతే మళ్లీ జారిపోయే అవకాశమూ ఉంది.

అవసరాన్ని బట్టి మందులూ ఇస్తారు. దిగులు, ఆందోళన తగ్గించే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు, కొందరికి నాల్‌ట్రెక్సోన్ వాడతారు. ఈ సమస్యకే ప్రత్యేకంగా తయారైన మందంటూ లేదు కనుక ఎవరికి ఏది సరిపడుతుందో సైకియాట్రిస్టే తేల్చాలి. 'నా కోరికనే చంపేస్తారా?' అని భయపడేవారికి ఒక మాట. ఈ వైద్యం కోరికను చంపడానికి కాదు. ఇష్టపూర్వకమైన, దాపరికం లేని దాంపత్య సుఖం మళ్లీ దక్కేలా చేయడమే దాని లక్ష్యం.

ఆమె గాయానికి మందేది?

మన దగ్గర ఈ కథ అంతా భర్త చుట్టూ తిరుగుతుంది. భార్య గురించి ఎవరూ అడగరు. ఆమెకు నిద్ర పట్టదు. అతను స్నానానికి వెళ్లగానే చెయ్యి ఫోన్ వైపు పోతుంది. అద్దంలో చూసుకుని 'నాలో ఏం తక్కువైంది?' అనుకుంటుంది. పెళ్లినాటి ఫొటోలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి. పైగా "మొగుణ్ణి కొంగున కట్టుకోవడం చేతకాలేదు" అని అత్తింట్లో ఒక మాట, "పిల్లల ముఖం చూసి సర్దుకుపో తల్లీ" అని పుట్టింట్లో ఒక మాట. రెండూ గాయం మీద కారం చల్లేవే. అతని ప్రవర్తనకు ఆమె అందం, ఆమె వంట, ఆమె లావూ సన్నం ఏవీ కారణం కావు. చాలామందిలో ఈ అలవాటు పెళ్లికి ఏళ్ల ముందే మొదలై ఉంటుంది.

కనుక ఆమెకు విడిగా కౌన్సెలింగ్ కావాలి. "నిద్ర పడుతోందా అమ్మా?" అని ఆమెను అడిగే మనిషి ఒకరుండాలి. నమ్మకద్రోహం తర్వాత వచ్చే ఉలికిపాటు, పదే పదే అవే దృశ్యాలు మనసులో మెదలడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవారిలో కనిపించే లక్షణాలకు దగ్గరగా ఉంటాయి. వాటికీ వైద్యం ఉంది.

బయట శారీరక సంబంధాలు ఉన్నట్టు తేలితే ఇద్దరూ వెంటనే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. ఇటీవలి సంబంధమైతే తొలి పరీక్షలో బయటపడకపోవచ్చు కనుక డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి. ఫలితాలు తేలేదాకా, మనసు ఒప్పుకొనేదాకా 'వద్దు' అనే హక్కు ఆమెకుంది. బలవంతం చేస్తే గృహహింస నిరోధక చట్టం 2005 కింద అది లైంగిక హింసే.

నిజం చెప్పే తీరు గురించి కూడా నిపుణులు పట్టుబడతారు. ఈరోజు కొంత, నెల తర్వాత ఇంకొంత, దొరికినప్పుడల్లా మరికొంత చెబితే ప్రతిసారీ ఆమె మొదటి రోజుకే వెళ్లిపోతుంది. అందుకే థెరపిస్టు సమక్షంలో, ముందుగా సిద్ధమై, ఒకేసారి చెప్పిస్తారు. ఎంతకాలంగా, ఎలాంటి సంబంధాలు, ఆరోగ్యానికి ముప్పుందా, ఎంత డబ్బు పోయింది, ఇప్పుడు ఆగిందా అన్నవి ఆమెకు తెలియాలి. మనసులో బొమ్మ కట్టే వివరాలు మాత్రం ఆమెకు మేలు చేయవు. ఏం తెలుసుకోవాలో, ఎంతవరకు వినాలో నిర్ణయించేది ఆమే.

ఇంకొక పొరపాటు జరుగుతుంటుంది. భర్త ఫోన్‌కు, జేబుకు, రాకపోకలకు భార్యను కాపలా పెడతారు. పోలీసు ఉద్యోగంలా మారిన కాపురంలో ఇద్దరికీ ఊపిరాడదు. తన వారపు పురోగతిని థెరపిస్టుకో, తాను ఒప్పుకొన్న నమ్మకస్థుడికో చెప్పుకోవడం అతని బాధ్యత. ఆమెకు ఇవ్వాల్సింది అబద్ధాల్లేని జవాబు, అడిగినప్పుడు విసుక్కోని ఓపిక. నమ్మకం అతను కోరుకున్నంత త్వరగా తిరిగిరాదు. 'మూడు నెలలయింది కదా, ఇంకా అనుమానమేనా?' అనే హక్కు అతనికి లేదు.

పిల్లలకు ఈ వివరాలు అక్కర్లేదు. 'అమ్మానాన్నల మధ్య ఒక ఇబ్బంది వచ్చింది, డాక్టర్ సాయం తీసుకుంటున్నాం, అందులో మీ తప్పేమీ లేదు' అని వయసుకు తగ్గట్టు చెబితే చాలు. వారిని గూఢచారులుగానో, రాయబారులుగానో వాడుకోవద్దు.

జబ్బు వేరు, నేరం వేరు

ఒకరి ఇష్టం లేకుండా తాకడం, వెంటపడటం, దొంగచాటుగా వీడియోలు తీయడం, పిల్లల జోలికి వెళ్లడం నేరాలు. 'నాకీ సమస్య ఉంది' అన్న మాట వాటిని మాఫీ చేయదు. పిల్లల లైంగిక దృశ్యాలను డౌన్‌లోడ్ చేయడం, చూడటం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తన ఆలోచనలు పిల్లల వైపు మళ్లుతున్నాయని గ్రహించిన మనిషి ఒక్క అడుగు కూడా వేయకముందే సైకియాట్రిస్టును కలవాలి. ఒక పసిప్రాణాన్ని కాపాడే అవకాశం ఆ క్షణంలో అతని చేతుల్లోనే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అడుగు ఒక ఫోన్ కాల్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు అందుబాటులో ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నచోట జిల్లా ఆస్పత్రిలోనూ అడగొచ్చు. 'ఎర్రగడ్డ' అన్న పేరును తిట్టుగా వాడే అలవాటు మనం మానుకోవాలి. అక్కడి ఓపీలో చీటీ రాయించుకోవడానికి ఏ మనిషీ సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇంటర్నెట్, పోర్న్ వాడకమే ప్రధాన సమస్య అయితే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014లో మొదలైన 'షట్' క్లినిక్ ఉంది.

ప్రైవేటులో వెళితే సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో అడగండి. అడగడం అమర్యాద కాదు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097, ఇంట్లో హింస ఎదురైతే మహిళలకు 181 ఉన్నాయి. మానసిక అనారోగ్యానికీ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది, మీ పాలసీలో ఏ ఖర్చులు వస్తాయో కనుక్కోండి.

విదేశాల్లో ఉన్న తెలుగు జంటల పరిస్థితి మరింత ఒంటరిది. మాట సాయానికి అమ్మ ఉండదు, అక్కడి థెరపిస్టు ముందు మన కాపురాల సంగతి ఇంగ్లిష్‌లో చెప్పుకోలేక సగంలో ఆగిపోతారు. తెలుగో, కనీసం హిందీయో తెలిసిన లైసెన్సున్న థెరపిస్టును తాము ఉంటున్న చోట వెతుక్కోవచ్చు. అమెరికాలో ఉన్నవారికి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే 988కి ఫోన్ చేయాలి.

దారి మధ్యలో ఒకసారి జారితే అంతా పోయినట్టేనా? కాదు. దాన్ని దాచడమే అసలు ప్రమాదం. జారిన రోజు తానే చెప్పి, కాగితం మీద రాసి, మరుసటి సిట్టింగ్‌కు వెళ్లిన మనిషి ముందుకే నడుస్తున్నాడు. ఎన్నాళ్లు మానాడన్న లెక్క కంటే అబద్ధాలు ఎంత తగ్గాయన్నది ఇంటికి మేలు చేసే కొలత.

ఈ వైద్యం మొదలుపెట్టిన ప్రతి జంటా కలిసే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొందరు మునుపటి కంటే నిజాయతీగా కాపురం కట్టుకుంటారు. కొందరు గౌరవంగా విడిపోతారు. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆమె తొందరపడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా తేల్చుకోవాల్సిన విషయం. అతని వైద్యం మాత్రం ఆమె క్షమించేదాకా ఆగకూడదు, ఆమె వైద్యం అతను మారేదాకా ఆగకూడదు. ఎవరి ఫోన్ కాల్ వాళ్లు ఈ వారమే చేసుకోవాలి.